జరిగిపోయినట్టే రాయి

బిష్కెక్,
మార్చి నెలాఖరు

ఊల్కన్ అక్కకి,

తమ్ముడు తిలేక్ రాసేది. ఫోను ఎందుకు పలకడం లేదని నువ్వు ఇప్పటికే నన్ను నాలుగు తిట్టి ఉంటావు. ఫోను నా దగ్గర లేదు. విజయ శిక్షణలో చేరాను. మా గురువు దామిర్ గారు శిష్యులందరి ఫోన్లూ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. విజేత అనేవాడు ఎవడో పిలిస్తే పలికేవాడు కాదట, లోకాన్ని తానే పిలిచేవాడట. అందుకని కాగితం మీదికి వచ్చాను. ఇసాక్ అన్న వ్యాను వారానికి రెండుసార్లు మన తాష్‌బులాక్ వస్తుంది కాబట్టి ఉత్తరాలకి లోటు లేదు.

ఇప్పుడు నేను పాత తిలేక్‌ని కాదు. తెల్లవారుజామున ఐదింటికి లేస్తున్నాను. చన్నీళ్ళు పోసుకుంటున్నాను. అద్దం ముందు నిలబడి "తిలేక్, నువ్వు సింహానివి" అని గట్టిగా అంటున్నాను. పక్కగదివాడు గోడ మీద చెప్పుతో కొడుతున్నాడు. గొప్పవాళ్ళందరికీ మొదట్లో పక్కగదివాళ్ళ బాధ తప్పదని గురువుగారు చెప్పారు.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు. అక్కా, షాపు తెరిచాను! పెద్ద బజారులో, జనం నడిచే వరసలో, రెండు గాజు తలుపుల షాపు. పైన నీలం బోర్డు. దాని మీద పెద్ద అక్షరాలతో "ఊల్కన్" అని నీ పేరే పెట్టాను. అరల నిండా నువ్వు చేసిన ఉన్ని చెప్పులు. ఎందుకూ కొరగాడని బంధువులంతా తేల్చేసిన నీ తమ్ముడు ఇవాళ గల్లాపెట్టె వెనకాల కూర్చున్నాడు. బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు,
తిలేక్


తాష్‌బులాక్,
ఏప్రిల్ మొదటివారం

సింహంగారికి,

మీ అక్క నమస్కారాలు. గల్లాపెట్టె వెనక నుంచి లేవక్కర్లేదు, కూర్చునే చదవండి.

నాయనా, కవరు అంటించకుండా ఇసాక్ చేతికిచ్చావు. అంటించని కవరు ఇసాక్‌కి ఇవ్వడమూ, మసీదు మైకులో చదివించడమూ ఒకటే. కనుమ మీద టీ తాగడానికి ఆగినప్పుడు తాను చదివి, వ్యానులో ఉన్నవాళ్ళకీ వినిపించాడట. ఊరి మొదట్లో హారన్ మీద పెట్టిన చెయ్యి మన గుమ్మం దాకా తియ్యలేదు. "సూయుంచి! సూయుంచి, ఊల్కన్! నీ తమ్ముడు షాపు పెట్టాడు! మంచి కబురు తెచ్చినవాణ్ణి, నా చేతిలో ఏం పెడతావో పెట్టు!" అని కేకలు. కోళ్ళు చెదిరిపోయాయి, మనుషులు పోగయ్యారు.

మంచి కబురు మోసుకొచ్చి సూయుంచి అడిగినవాణ్ణి వట్టి చేతులతో పంపిన ఇల్లు మన వంశంలో లేదు. ఏదో ఒక శాలువా, కాదంటే ఒక టోపీ, మరీ సంబరమైతే గొర్రెపిల్ల. మన ఇంట్లో సంబరం కాస్త హద్దు దాటింది. తెల్లకాళ్ళ గుర్రం వెళ్ళిపోయింది. అవును, మన ఆడగుర్రమే. కడుపుతో ఉన్నదే. వచ్చే నెలలో ఈనాల్సిందే.

అంతటితో అయిందా? కొత్తది ఏది వచ్చినా విందుతో కడగాలి కదా. నీ షాపుని మన వాకిట్లో శుభ్రంగా కడిగారు. మీ బావ గొర్రెను కోశాడు. బిష్కెక్‌లో గాజు తలుపులకి ఇక్కడ ముసలాళ్ళు చేతులెత్తి దీవెనలిచ్చారు, మాంసంతో పాటు ఇంటికి మూటలు కూడా కట్టుకుపోయారు.

షాపు ఏ వరసలో ఉందో రాయి. మీ బావగారి చిన్నాన్న పై గురువారం వచ్చి కళ్ళారా చూస్తాడట. ఇసాక్ పెళ్ళాం సగం ధరకి చెప్పులు కావాలంటోంది.

ఇంకొక్క చిన్న సందేహం, గొర్రె ఉడికాక వచ్చింది. చలికాలమంతా నేను ఉన్ని తడిపి, నొక్కి, కుట్టిన చెప్పులు ఇక్కడ మూటల్లోనే ఉన్నాయి. ఒక్క మూట కూడా నీకు పంపలేదు. మరి నీ అరల నిండా ఉన్న చెప్పులు ఎవరు చేశారు నాయనా?

నీ అక్క,
బోర్డు మీద ఉన్నావిడ


బిష్కెక్,
ఏప్రిల్

అక్కా,

నువ్వు కోపం తెచ్చుకోకుండా చదవాలి. షాపు ఉంది. అంటే, ఇంకా కళ్ళకి కనబడే దశకి రాలేదు. దామిర్ గారి పద్ధతి ఏమిటంటే, కావాలనుకున్నదాన్ని కావాలి అని రాయకూడదు. "కావాలి" అన్న మాటలో లేమి ఉందట. జరిగిపోయినట్టే రాయాలి. రాసి, మనల్ని ప్రేమించే ఒకరికి పంపాలి. వాళ్ళు నమ్మితే ఆ నమ్మకం వెళ్ళి లోకాన్ని కదుపుతుందట. మా తరగతిలో ఒకాయన కారు కొన్నానని తన భార్యకి రాశాడు. ఆవిడ బజారుకి నడవడం మానేసి గుమ్మంలో నిలబడుతోందట.

నేను నిన్ను ఎంచుకున్నాను. ఎవరు నమ్మకపోయినా నువ్వు నమ్ముతావని.

గుర్రం సంగతి రెండుసార్లు చదివాను. కబురు తెచ్చినవాడికి ఏ టోపీయో ఇస్తారనుకున్నానుగానీ గుర్రాన్ని ఇస్తారని కలగన్నానా? చిన్నాన్నగారిని మాత్రం గురువారం రానివ్వకు. మోకాళ్ళ నొప్పులని చెప్పు, దారి మూసేశారని చెప్పు. షాపు నిజంగానే వస్తుంది. కొంచెం ఓపిక పట్టు.

తిలేక్

తా.క.: ఈ కవరు అంటించాను.


తాష్‌బులాక్,
ఏప్రిల్ చివర

తిలేక్‌కి,

ఆలు లేదు, చూలు లేదు, కొడుక్కి పేరు మాత్రం పెట్టేశారు. మన దగ్గర ఇంకో మెట్టు ఎక్కి వాడి పేరు మీద విందు కూడా పెట్టేశాం.

చిన్నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు నేను చెప్పనక్కర్లేకుండానే వచ్చాయి, దేవుడు నీ పక్షానే ఉన్నాడు. ఇసాక్ పెళ్ళాం చెప్పులు అడుగుతూనే ఉంది. మా ఆడవాళ్ళంతా చెలమ దగ్గర నన్ను చూసి "షాపు ఎలా ఉందమ్మా?" అని అడుగుతున్నారు. "తలుపులు తుడుస్తున్నారు" అంటున్నాను.

మీ గురువుగారి పద్ధతి బాగుంది. నేనూ నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దించు.

తమ్ముడూ, నా గుర్రం తిరిగి వచ్చేసింది! ఈ ఉదయమే పితికాను. పాలు తోలుసంచిలో పోసి పులియబెట్టాను. కొండదారి పక్కన మన గుడారం వేశాం. లారీలు వరసగా ఆగాయి. డ్రైవర్లు నా కుమిస్ తాగి మీసాలు తుడుచుకుని "ఇంకో గిన్నె, ఒదినా" అన్నారు. వేసవి అమ్మకం నిండుగా సాగింది. చలికాలానికి బొగ్గు, పిండి, పిల్లలకి బూట్లు అన్నీ వచ్చేశాయి. నేను సింహాన్ని.

ఇంత రాసి, లేచి కొట్టంలోకి వెళ్ళి చూశాను. కట్టుతాడు ఉంది. గుర్రం లేదు. నేను గట్టిగా నమ్మలేదేమో. రేపు ఐదింటికి లేచి నమ్ముదామంటే, నేను నాలుగింటికే లేస్తాను కదా, మీ గురువుగారి లెక్కలో అది కుదురుతుందో లేదో అడిగి రాయి.

వెటకారం పక్కన పెట్టి ఒక్క మాట చెప్తాను. పాలిచ్చే గుర్రం ఈ ఇంట్లో అదొక్కటే. ఎండాకాలం కుమిస్ అమ్మితేనే మనకి చలికాలం గడుస్తుంది. ఈ సంగతి నీకు తెలియక కాదు. సింహానివయ్యాక మర్చిపోయావేమోనని.

ఊల్కన్


బిష్కెక్,
మే

అక్కా,

నువ్వన్న ప్రతిమాటా తగిలింది. తగిలినా నేను కుంగిపోలేదు. కుంగిపోవడం ఓడినవాడి అలవాటు అని గోడ మీద రాసి పెట్టుకున్నాను.

దామిర్ గారికి గుర్రం సంగతి చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నన్ను వేదిక మీద పక్కన నిలబెట్టుకుని, హాలు నిండా ఉన్న జనానికి చెప్పారు. "చూడండి! ఈ కుర్రవాడు కేవలం ఒక వాక్యం రాశాడు. మూడు కనుమల అవతల ఒక కుటుంబం ఉన్న ఒక్క గుర్రాన్నీ దానం చేసేసింది! ఇదీ సమృద్ధి భావన అంటే!" అన్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. నాకూ ఒక్క నిమిషం గర్వంగానే అనిపించింది, అబద్ధం చెప్పను. తర్వాత బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే, చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరైనా గుర్రం ఇప్పుడెక్కడుందని అడగలేదని తోచింది.

గుర్రం తిరిగి రావాలంటే ఏం చెయ్యాలని గురువుగారిని అడిగాను. వెనక్కి అడగడం లేమి ఆలోచన అన్నారు.

అసలు తప్పంతా బావది. మగవాడన్నాక కాస్త ముందూ వెనకా చూడొద్దా? ఎవడో వ్యాను తోలేవాడు గుమ్మంలో అరిస్తే గుర్రాన్ని విప్పి ఇచ్చేస్తాడా? నలుగురిలో గొప్పకి పోయి ఉంటాడు. ఆయనే ఇచ్చాడు కాబట్టి ఆయనే వెళ్ళి ఇసాక్ అన్నని నెమ్మదిగా అడిగితే పోతుంది. నా మాటగా చెప్పు.

తిలేక్


తాష్‌బులాక్,
మే చివర

తిలేక్,

మీ బావని ఒక్క మాట అన్నావంటే ఈ ఉత్తరమే ఆఖరిది.

ఆ రోజు ఏం జరిగిందో నీకు సరిగా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. మీ బావ కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఊల్కన్, నా మాట విను. శాలువా ఇద్దాం. గొర్రెపిల్లని ఇద్దాం. గుర్రం వద్దే, మన పొట్ట కొట్టుకున్నట్టు అవుతుందే" అని బతిమాలాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంతలా బతిమాలగా చూడలేదు. నేనే ఆయన్ని పక్కకి తోశాను. తాడు విప్పింది నేను. గుర్రాన్ని తెచ్చి ఇసాక్‌కి అప్పగించింది నేను. ఇసాక్ పాపం "ఇదేంటమ్మా, నేను టోపీకోసం అరిచాను" అన్నాడు. "తీసుకో! మా తమ్ముడి షాపుకి టోపీ ఏమిటి?" అని వాడి మీద కూడా అరిచాను.

ఎందుకు ఇచ్చానో తెలుసా? బోర్డు మీద నా పేరని రాశావు. ఈ ఊళ్ళో నన్ను పేరుపెట్టి పిలిచేది మీ బావా, ఆ ఇసాకూ తప్ప ఇంకెవరూ లేరు. కుబాత్ పెళ్ళాన్ని, ఫలానావాడి కోడల్ని, కుమిస్ ఆవిడని. నేను నొక్కిన చెప్పులు తొడుక్కుని తిరిగేవాళ్ళు కూడా ఎవరు చేశారని అడగరు. అలాంటి నా పేరు బిష్కెక్‌లో నీలం బోర్డు ఎక్కిందంటే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదురా.

నిన్ను నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు. కారు కడిగే వ్యాపారం, కోళ్ళఫారం, తేనె వ్యాపారం, ప్రతిసారీ నీ ముఖం మీదే నవ్వాను. లోపల మాత్రం ఈసారి నిజమేనేమో అనుకున్న పిచ్చిది ఈ లోకంలో నేనొక్కదాన్నే. ఆ సంగతి నువ్వూ కనిపెట్టేశావు. నమ్మేవాళ్ళని ఎంచుకుని రాయమన్నారని నువ్వే చెప్పావుగా. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

గుర్రం పోయినందుకు ఏడుపు లేదని అనను. పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళినప్పుడల్లా చెయ్యి కట్టుతాడు మీదికే పోతుంది. కానీ గుర్రంకన్నా పెద్దది పోయింది. ఇకమీదట నువ్వు నిజం చెప్పినా సంతోషపడటానికి నాకు భయం. అది నీ గురువుగారి ఇనప్పెట్టెలో ఉంటే అడిగి తీసుకురా.

సూయుంచిగా ఇచ్చినదాన్ని వెనక్కి అడగడం అనేది లేదు. అడిగితే ఇచ్చినవాళ్ళ ఇంట మంచి కబురు మళ్ళీ రాదంటారు. కాబట్టి మీ బావా వెళ్ళడు, నేనూ వెళ్ళను. దారి పక్క గుడారం ఈ ఏడు వెయ్యడం లేదు.

ఊల్కన్


బిష్కెక్,
జూన్

అక్కా,

ఫోను నాకు తిరిగి ఇచ్చేశారు. అయినా ఇది నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. కవరు అంటించడం లేదు. ఇసాక్ అన్నని చదువుకోనీ.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు దామిర్ గారు మళ్ళీ గుర్రం కథ చెప్పమని నన్ను వేదిక ఎక్కించారు. చెప్పాను. ఇచ్చింది మా అక్క, షాపు లేదు, గుర్రం తిరిగి రాలేదు, ఈ వేసవి ఆమె గుడారం వెయ్యడం లేదు, అని చెప్పి ఆపేశాను. దామిర్ గారు ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకుని "ఇతని నిజాయితీకి చప్పట్లు!" అన్నారు. కొట్టారు. ఆయన ముందు ఏడ్చినా చప్పట్లే, చచ్చినా చప్పట్లేనని అర్థమయ్యి దిగిపోయాను.

ఆ తర్వాత పెద్ద బజారుకి వెళ్ళాను. శిక్షణలో చేరినప్పటినుంచీ ఆ బజారులో షాపు ఉందని రోజూ రాస్తున్నానుగానీ, అక్కా, ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. రోజంతా నమ్మడంతోనే సరిపోయేది. వెళ్ళి అడిగితే ఎవరూ నాతో మాట్లాడనే లేదు. గుల్సున్ అని ఒకావిడ టోపీలు, కోట్లు అమ్ముతుంది. "ఇప్పటికే నా కొట్టులో నాకే నిలబడటానికి చోటు లేదు, నీ చెప్పులెక్కడ పెట్టుకోవాలి, నా నెత్తినా?" అని తరిమేసింది. మర్నాడూ వెళ్ళాను. ఆవిడ సరుకు బళ్ళ నుంచి దించాను. ఆ మర్నాడు కూడా. చివరికి విసుగెత్తి "నీ పోరు పడలేకపోతున్నాను, ఆ కింది అర తీసుకో" అంది.

ఒక్క అర. అన్నిటికన్నా కిందది. వచ్చేపోయేవాళ్ళు కాలితో తంతూ ఉంటారు. గాజు తలుపులు లేవు, బోర్డు లేదు. ఆ అరని చేత్తో తడిమి చూసి మరీ రాస్తున్నాను. నువ్వు నాకు చేసిచ్చిన చెప్పుల జత, నేను ఇంకా తొడగనిది, అందులో పెట్టాను. నాలుగో రోజున ఒక ముసలాయన వేసుకుని చూసి, విప్పకుండానే కొనుక్కుపోయాడు.

ఇప్పుడు అర ఖాళీగా ఉంది. పంపాలనిపిస్తే ఒక మూట పంపు. నమ్మాలనిపించకపోతే పంపకు. నేను ఏమీ అనుకోను.

తిలేక్


తాష్‌బులాక్,
జూన్ చివర

తమ్ముడు తిలేక్‌కి,

ఈసారి ఇసాక్ హారన్ కొట్టలేదు. వ్యాను దూరంగా ఆపి, టోపీ చేతిలో పట్టుకుని, గుమ్మంలో కాలు పెట్టాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. "ఊల్కన్, ఒక కబురుంది. సూయుంచి అడగమంటావా?" అన్నాడు.

"పోవయ్యా. ఎప్పుడో పుచ్చుకున్నావుగా, ఇంకా ఏం అడుగుతావ్?" అన్నాను. చెయ్యి చాచి ఉత్తరం లాక్కున్నాను. చదివాను. ఇంకోసారి చదివాను. వాడు పోకుండా అక్కడే నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు.

"అయితే లెక్క కుదరడం లేదమ్మా" అన్నాడు. "గుర్రం షాపుకి ఇచ్చావు. తీరా చూస్తే వచ్చింది అర. అరకి గుర్రం మొత్తం తీసుకున్నానంటే పైవాడు కనుమ మీద నా టైర్లు నాలుగూ ఒకేసారి పగలగొడతాడు." సాయంత్రానికి గుర్రాన్ని నడిపించుకుని వచ్చాడు. వెనకాల పిల్ల, దానికీ కాళ్ళు తెల్లగానే ఉన్నాయి. "షాపుకి గుర్రం, అరకి పిల్ల. పాలు మానాక వచ్చి పిల్లని తీసుకెళ్తాను. తల్లి నీది. నువ్వు అడగలేదు, నేను వెనక్కి ఇవ్వలేదు. చిల్లర తిరిగిస్తున్నానంతే" అన్నాడు. ఈ లెక్క మీ గురువుగారి బుర్రకి తడుతుందా?

మీ బావ వెళ్ళి గుడారం కర్రలు దుమ్ము దులిపాడు. వేసవి సగం పోయింది. మిగిలిన సగంలో బొగ్గు వస్తే పిల్లల బూట్లు రావు, బూట్లు వస్తే బొగ్గు రాదు. ఏదో ఒకటి చూసుకుంటాం. నువ్వు మళ్ళీ ఆ లోటు తీర్చేశానని మాత్రం రాయకు.

అసలు సంగతి ఎవరికీ చెప్పనని మాటిస్తే రాస్తాను. షాపు అన్న రోజున ఊరంతా వినబడేలా నవ్వాను. ఇవాళ ఒక్క కింది అర అంటే, కొట్టంలోకి పోయి గుర్రం మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. భయపడుతూనే సంతోషపడ్డానురా. మీ బావ తలుపు దగ్గర నిలబడి అంతా చూసి, చూడనట్టే వెళ్ళిపోయాడు.

పెద్ద మూట ఇసాక్ వ్యానులో వేశాను. చిన్న సైజులు పైన ఉన్నాయి. చెమ్మ తగలనివ్వకు, అరని రోజూ తుడువు. ఖాళీగా మాత్రం ఉంచకు.

నీ అక్క,
ఊల్కన్